దయామణి అవుననని గురువారం

తెనాలిలో నందివెలుగు రోడ్డు వైపున్న పేటలో దయామణి కాలు పెట్టని గడప లేదు. ముప్పై రెండేళ్ళుగా ఆమె బైబిలు స్త్రీ. పాస్టరు కాదు, పంతులమ్మా కాదు. సంఘం తరఫున ఇల్లిల్లూ తిరిగి, ఆడవాళ్ళ దగ్గర అరుగు మీద కూర్చుని, వాళ్ళ కష్టం విని, వాక్యం చెప్పి, ప్రార్థన చేసి వచ్చే పని. చేతిలో గుడ్డ సంచీ, కాళ్ళకి హవాయి చెప్పులు, ఎండైనా వానైనా నెత్తిన తెల్లచీర కొంగు. భర్త దర్జీ, పోయి పదేళ్ళయింది. ఉన్న ఒక్క కూతురు పొన్నూరులో కాపురం చేసుకుంటోంది. దయామణికి పేటే సంసారం. ఎవరింట్లో ఏ కూర ఉడుకుతోందో, ఎవరికి ఎవరితో మాటల్లేవో ఆమెకి తెలియకుండా ఉండదు.

ఆమెకి కోపం వస్తే పావుగంటలో పోతుందని అందరూ అంటారు. అది నిజమే. యాకోబు మీద కోపం మాత్రం పద్నాలుగేళ్ళయినా పోలేదు. ఆమె పోనివ్వలేదు. తులసి మొక్కకి నీళ్ళు పోసినట్టు రోజూ కాసిని పోసి పెంచుకుంది.

యాకోబు వాళ్ళ సంఘ పెద్ద. బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. బస్సులో వెనక సీటు దాకా వినపడిన గొంతు, ఇప్పుడు గుడిలో వెనక బెంచీ దాకా వినపడుతుంది. మనిషి మంచివాడే. ఎవరింట్లో చావైనా ముందు అతనే వస్తాడు, ఆఖర్న అతనే పోతాడు. ఆడది ప్రసంగ పీఠం ఎక్కకూడదన్నది మాత్రం అతనికి రాతి మీద చెక్కినంత గట్టి నమ్మకం. పౌలు భక్తుడు అట్లా రాశాడు, దేవుడు ముందు ఆదామునే చేశాడు, ప్రభువు ఏర్పరచుకున్న పన్నెండు మందీ మగవాళ్ళే. ఇంకేం మాట్లాడతావు అంటాడు.

ఆ సంఘంలో ఏడాదికి ఒక ఆదివారం స్త్రీలది. ఆ రోజు పాటలు, ప్రార్థన, వాక్యం అన్నీ వాళ్ళే నడుపుతారు. అయితే వాక్యం చెప్పే ఆమె పీఠం ఎక్కదు. కింద, ముందు వరస పక్కన చిన్న బల్ల వేస్తే అక్కడ నిలబడి చెబుతుంది. పద్నాలుగేళ్ళ క్రితం అప్పటి పాస్టరు గారు పెద్ద మనసు చేసుకుని, ఈసారి పైకెక్కి చెప్పమ్మా అని దయామణితో అన్నారు. ఆమె వారం రోజులు అన్నం సరిగా తినలేదు. మూడు మెట్లెక్కి నిలబడి, ప్రభువు సమాధి దగ్గరికి సుగంధ ద్రవ్యాలు పట్టుకుని వెళ్ళిన స్త్రీల గురించి మొదలుపెట్టింది. నాలుగు నిమిషాలైందో లేదో మైకు ఆగిపోయింది.

గోడ పక్కన మైకు పెట్టె దగ్గర యాకోబు నిలబడి ఉన్నాడు. చెయ్యి ఇంకా స్విచ్చి మీదే ఉంది.

"కిందకి దిగమ్మా దయామణీ. ఆడవాళ్ళకి కింద బల్ల వేశాం. అక్కణ్ణుంచి చెప్పుకో."

పాస్టరు గారు కళ్ళజోడు తుడుచుకున్నారు. ఆడవాళ్ళు కొంగులు సర్దుకున్నారు. ఒక్కరూ లేవలేదు. దయామణి మెట్లు దిగి, బల్ల దగ్గర ఆగకుండా పోయి తన చోట్లో కూర్చుంది. తర్వాత ఎన్నేళ్ళడిగినా స్త్రీల ఆదివారం నాడు నోరు విప్పలేదు.

ఆమె చెప్పబోయి చెప్పలేకపోయిన మాట పెద్దదేం కాదు. ప్రభువు తిరిగి లేచాడని, సమాధి ఖాళీగా ఉందన్న కబురు ముందుగా ఆడవాళ్ళకే ఇచ్చి, పోయి మగవాళ్ళకి చెప్పమన్నారు. వీళ్ళు పరిగెత్తి చెప్పారు. వాళ్ళు నమ్మలేదు, పిచ్చి మాటలని కొట్టిపారేశారు. అప్పుడు ప్రభువు ఏం చేశాడు? ఆడవాళ్ళు చెబితే వీళ్ళు నమ్మడం లేదు కదా అని ఇంకో మగవాణ్ణి వెతికి పంపాడా? లేదు. తానే వచ్చి, నమ్మనందుకు వాళ్ళనే మందలించాడు. తప్పు చెప్పిన నోటిలో లేదు, విన్న చెవుల్లో ఉంది. అంతే ఆమె చెప్పాలనుకున్నది. ఆ మాట దగ్గరికి వచ్చేలోపే స్విచ్చి పడింది.

అంతకుముందు యాకోబుని అన్నా అని పిలిచేది. మర్నాటి నుంచి పెద్దగారూ అనడం మొదలుపెట్టింది. ఆ గౌరవం చెంపదెబ్బ కన్నా గట్టిదని పేటలో అందరికీ తెలుసు, యాకోబుకీ తెలుసు. అతని కుడివైపు ఇంట్లో ప్రార్థన చేసేది, ఎడమవైపు ఇంట్లో చేసేది, మధ్యలో అతని గుమ్మం దాటేసేది. అతని కూతురి పెళ్ళికి వెళ్ళి, పిల్లని దీవించి, విస్తరి ముందు కూర్చోకుండా వచ్చేసింది. పాస్టరు ఊళ్ళో లేని ఆదివారం యాకోబు వాక్యం చెబితే, అతను ప్రవక్త ఏలీయా చేసింది శిష్యుడు ఎలీషాకి అంటగట్టిన ప్రతిసారీ ఆడవాళ్ళ వైపు నుంచి ఒక దగ్గు వినపడేది. ఒక తప్పుకి ఒక దగ్గు. ఒకసారి ఏడు దగ్గులొచ్చాయి. పక్కనున్నవాళ్ళు కొంగు నోట్లో కుక్కుకున్నారు.

ఈ ఏడాది వినోద్ కుమార్ అనే కొత్త పాస్టరు చీరాల నుంచి బదిలీ మీద వచ్చారు. చిన్నవాడు, మెత్తటివాడు. స్త్రీల సమాజం వాళ్ళు ఒక కాగితం రాసి ఇచ్చారు. ఈసారి స్త్రీల ఆదివారం నాడు వాక్యం చెప్పే ఆమెని పీఠం ఎక్కనివ్వాలని, ఆ ఎక్కేది దయామణి కావాలని. పాస్టరు గారు కమిటీ వేశారు. ఆరాధన అయ్యాక గుడి పక్క గదిలో ఎనిమిది మంది మగవాళ్ళు, ఎదురుగా సమాజం తరఫున నలుగురు ఆడవాళ్ళు కూర్చున్నారు. యాకోబు కూర్చుంటూనే పౌలు రాసిన మాట ఎత్తాడు. సమాజం ఆడవాళ్ళలో ఒకావిడ, అదే పౌలు ప్రార్థన చేసే స్త్రీ తల మీద ముసుగేసుకోవాలని కూడా రాశాడు కదా, నోరే విప్పకపోతే ముసుగు సంగతి ఎందుకు రాస్తాడని అడిగింది. యాకోబు గొంతు పెంచాడు. ఈవిడా పెంచింది. గంటసేపు గది దద్దరిల్లింది గానీ ఒక్క మాట ముందుకి పోలేదు.

అప్పటిదాకా మాట్లాడని దయామణి చెయ్యెత్తింది. ఆమె బుర్రలో ఆ గంటలో ఒక ఉపాయం తయారైంది.

బాపట్లలో బైబిలు స్త్రీలకి శిక్షణ ఇచ్చిన రోజుల్లో జ్యోత్స్న టీచరని ఒకావిడ ఉండేది. పరాయి ఇంటికి వెళ్ళి వాళ్ళకి నచ్చని మాట చెప్పాలంటే ఒక పద్ధతుందని నేర్పింది. ముందు వాళ్ళు చెప్పింది వినాలి. విన్నది మన నోటితో తిరిగి చెప్పి, నువ్వన్నది ఇదేనా అమ్మా అని అడగాలి. వాళ్ళు అవును, ఇదే అనాలి. అనేదాకా మన మాట ఎత్తకూడదు. దయామణి ముప్పై రెండేళ్ళూ ఆ పద్ధతి తప్పలేదు. పరుపులు కుట్టే ఖలీల్ ఇంట్లో అతని భార్య మున్నీసాతో పద్దెనిమిదేళ్ళుగా దేవుడి గురించి వాదిస్తోంది. ఈమె అటు మారలేదు, ఆమె ఇటు మారలేదు. మున్నీసా ఒకటే అంటుంది, నువ్వు చెప్పేది నేను ఒప్పుకోను గానీ వదినా, నా మాట మాత్రం మా ఆయన కన్నా నువ్వే బాగా చెబుతావు అని.

దయామణి ఆ పద్ధతి కమిటీకి చెప్పింది. ముందు పెద్దగారు నా మాట చెప్పాలి. నేను అవును అనేదాకా చెప్పాలి. తర్వాత నేను ఆయన మాట చెబుతాను, ఆయన అవుననాలి. అప్పుడు ఎవరి వాదన వాళ్ళు చేసుకోవచ్చు, కమిటీ తేల్చవచ్చు. పాస్టరు గారి మొహం విప్పారింది. ఇంత మంచి ఆలోచన ఇంతవరకు ఎవరికీ రాలేదన్నారు. యాకోబు నవ్వాడు. ఆడవాళ్ళ వాదన చెప్పడం ఎంత పని, రెండు వారాల తర్వాత కూర్చుందాం అన్నాడు. అంత తేలిగ్గా ఒప్పుకోవడమే అతను చేసిన తప్పు. ముప్పై ఏళ్ళుగా పైనుంచి చెప్పినవాడికి, చెప్పింది తిరిగి అప్పజెప్పమంటే ఎంత కష్టమో తెలియదు. దయామణికి తెలుసు. తెలిసే ఆ వల వేసింది.

అక్కడితో ఊరుకోలేదు. ఆ బుధవారం పొద్దున్నే రేపల్లె రైలెక్కింది. యాకోబు అక్క మార్తమ్మ రేపల్లెలో ఉంటుంది. తమ్ముడి మాట వెనక ఏముందో అక్కకి తెలియకపోతుందా అన్నది దయామణి లెక్క. మంచిది దొరికినా సరే, చెడ్డది దొరికితే ఇంకా సరే.

మార్తమ్మ పెరట్లో పీట మీద కూర్చుని రొయ్యలు ఒలుస్తోంది. దయామణి అడక్కుండానే ఇంకో పీట లాక్కుని, సగం రొయ్యలు తన ముందుకి జరుపుకుంది. రెండు చేతులకీ పని ఉన్నప్పుడు నోటికి కాపలా ఉండదని ఆమెకి ముప్పై రెండేళ్ళ అనుభవం. మోకాళ్ళ నొప్పులు, కోడలి వంట, వర్షాలు అన్నీ అయ్యాక యాకోబు చిన్నతనం దగ్గరికి వచ్చారు. రొయ్యలు సగమయ్యేసరికి మార్తమ్మ గొంతు తగ్గించింది.

తెనాలిలో ఎవరికీ తెలియని సంగతది. తెనాలి రాకముందు, పల్లెలో ఉన్న రోజుల్లో, ముప్పై ఏళ్ళ వయసు దాకా యాకోబు తాగుబోతు. పొద్దున లేస్తే సారా. పెళ్ళాం రెండుసార్లు పుట్టింటికి పోయింది. వాళ్ళ ఉపదేశి, అంటే పాస్టరు లేని పల్లె సంఘాన్ని నడిపే ముసలాయన, ఒకరోజు వచ్చి, ఈ ఆదివారం గుడిలో బైబిలు పాఠం నువ్వు చదవాలి అన్నాడు. ఆదివారం పొద్దున పీఠం ఎక్కి చదవాలంటే శనివారం తాగకూడదు. ఆ శనివారం తాగలేదు. మళ్ళీ వారం కూడా నువ్వేనన్నాడు ముసలాయన. అట్లా ఒక శనివారం, నాలుగు శనివారాలు, ఏడాది. శుక్రవారం కూడా మానేశాడు, తర్వాత మొత్తం మానేశాడు.

"మా వాణ్ణి మనిషిని చేసింది ఆ మూడు మెట్లే దయామణీ," అంది మార్తమ్మ. "ఆడదానికేం, ఎక్కడ నిలబెట్టినా నిలబడుద్ది. మగాడు అట్లా కాదు, ఎక్కడానికి ఒక మెట్టు లేకపోతే జారిపోతాడు అంటాడు వాడు. ఆ మెట్టు కూడా మీరే తీసుకుంటే గుడికి మగాళ్ళెవరొస్తారని వాడి బాధ."

దయామణి చేతులు కడుక్కుని, చేప పులుసుతో అన్నం తిని, సాయంత్రం రైలెక్కింది. కిటికీ పక్కన కూర్చుని నవ్వుకుంది. ఇంత పెద్దది దొరుకుతుందని అనుకోలేదు. తన పద్ధతి ప్రకారం చూస్తే, యాకోబు మాట నిజంగా చెప్పాలంటే ఈ సంగతి చెప్పి తీరాలి. పౌలు, ఆదాము అన్నవి పై మాటలు. అసలు మాట ఇది. న్యాయంగా చెప్పడమూ, నలుగురిలో నిలబెట్టి సిగ్గుపడేలా చెయ్యడమూ ఒకే పనైపోయాయి. వేమూరు దాటాక మాత్రం యాకోబు భార్య గుర్తొచ్చి ఆమె నవ్వు కాస్త తగ్గింది. ఆ మనిషి ఏ పాపం ఎరగదు. తెనాలి స్టేషన్లో దిగేలోపు, పేరు పెట్టకుండా చెబుదామని నిర్ణయించుకుంది. అంతకు మించి దయ చూపే ఉద్దేశం ఆమెకి లేదు.

రెండు వారాల తర్వాత అదే గదిలో కూర్చున్నారు. యాకోబు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. గొంతు సవరించుకుని, దయామణమ్మ వాదన ఏంటంటే ఆడా మగా సమానం, అందుకని పీఠం ఎక్కాలంటుంది అన్నాడు.

"కాదండి," అంది దయామణి.

పౌలు రాసింది పాత కాలానికి, ఈ కాలానికి చెల్లదంటుంది అన్నాడు. కాదండి అంది. ఆమెకి పాస్టరు కావాలని కోరిక అన్నాడు. ఆడవాళ్ళు కూడా నవ్వారు. కాదండి పెద్దగారూ అంది దయామణి, ఈసారి పెద్దగారూ అన్న మాట కాస్త సాగదీసి. యాకోబుకి చెమట పట్టింది. అయితే నీ మాట ఏంటో నువ్వే చెప్పి ఏడువు అన్నాడు. పాస్టరు గారు చెయ్యి అడ్డం పెట్టారు.

"నేను చెప్పాను కదండి," అంది దయామణి నెమ్మదిగా. "ఆ మెట్ల మీద నిలబడి చెబుతుంటే నాలుగో నిమిషంలో ఆపేశారు. పద్నాలుగేళ్ళ నుంచీ నా వాదన తప్పు, తప్పు అని ఊరంతా చెబుతున్నారు. విననిదాన్ని తప్పని ఎట్లా చెప్పారండి పెద్దగారూ?"

యాకోబు నోరు తెరిచి మూశాడు. ఆ మూసుకున్న నోటిని చూడ్డానికే ఆమె ఇన్నాళ్ళు బతికిందేమో అన్నంత తృప్తిగా చూసింది.

ఇప్పుడు ఆమె వంతు. ముందు పౌలు మాట చెప్పింది, ఆదాము సంగతి చెప్పింది, పన్నెండు మంది శిష్యుల సంగతి చెప్పింది. యాకోబు ఏనాడూ చెప్పనంత వరసగా, బలంగా చెప్పింది. కమిటీలో మగవాళ్ళు తలలూపుతున్నారు. అప్పుడు గొంతు తగ్గించి, ఒక ఊళ్ళో ఒక మనిషి ఉన్నాడనుకోండి అని మొదలుపెట్టింది. పేరు చెప్పలేదు, ఊరు చెప్పలేదు. పాఠం చదవడం కోసం శనివారం తాగకుండా ఆగిన మనిషి గురించి చెప్పింది. ఆ మూడు మెట్లు అతనికి గర్వం కోసం కాదు, పడకుండా పట్టుకోవడానికని చెప్పింది. అట్లాంటి మనిషి, ఆ మెట్టు తీసేస్తే ఇంకో మగవాడు ఎక్కడ పట్టుకుంటాడని భయపడి అడ్డం నిలబడితే, అది ఆడవాళ్ళ మీద చులకన కాదని చెప్పింది.

యాకోబు మొహం పాలిపోయింది. చేతులు బల్ల కిందకి పోయాయి.

"మీ మాట ఇదేనా పెద్దగారూ?" అని అడిగింది.

పద్ధతి ప్రకారం ఆయన జవాబు చెప్పాలి. కాదంటే అబద్ధం. అవునంటే ఆ మనిషి ఎవరో గదిలో అందరికీ తెలిసిపోతుంది. దయామణి కళ్ళు తిప్పలేదు. పాస్టరు గారు ఏదో అనబోతే కూడా ఆగమన్నట్టు చెయ్యి చూపించింది. యాకోబు తలెత్తాడు.

"అవును," అన్నాడు. "ఇదే నా మాట. ఇంత బాగా నేనెప్పుడూ చెప్పుకోలేదు."

ఆ రెండో మాట ఆమె అడగలేదు. అతను ఎందుకన్నాడో అర్థం కాక కాస్త చిరాకు పడింది.

పాస్టరు గారు తీర్పు చెప్పారు. దయామణమ్మ పూర్తిచేసింది, పెద్దగారు పూర్తి చెయ్యలేదు. ఆమె మాట ఆయన సరిగా చెప్పి, ఆమె అవుననేదాకా సంగతి ముందుకి పోదు. స్త్రీల ఆదివారానికి ఏడు వారాలుంది. ఆలోపు అయితే కమిటీ తేలుస్తుంది, కాకపోతే ఈ ఏడాదికి పాత పద్ధతే.

ఆ గురువారం సాయంత్రం యాకోబు దయామణి గుమ్మం ముందు నిలబడ్డాడు. పద్నాలుగేళ్ళలో అతను ఆ గడప తొక్కలేదు. ఆమె కుర్చీ వెయ్యలేదు. అరుగు మీదున్న ముక్కాలి పీట చూపించింది. ఆరడుగుల మనిషి మోకాళ్ళు గడ్డానికి తగిలేట్టు కూర్చుని, నువ్వు చెప్పేది ఇదనుకుంటా చెల్లెమ్మా అని ఏదో చెప్పాడు. కాదండి అంది. మళ్ళీ గురువారం వచ్చాడు. సమాధి దగ్గరి స్త్రీలతో మొదలుపెట్టావు కాబట్టి, ముందు చూసింది ఆడవాళ్ళే, అందుకని ఆడవాళ్ళే గొప్ప అంటావు అన్నాడు. కాదండి అంది. ఎదురింటి అరుగు మీద కూర్చున్న ఆడవాళ్ళు గురువారం వంట పెందలాడే ముగించి చూడ్డానికి సిద్ధంగా ఉండేవాళ్ళు. మున్నీసా కూడా ఒకసారి వచ్చి చూసి, పాపం ఆయన్ని ఒక కుర్చీలోనైనా కూర్చోబెట్టు వదినా అంది. పద్నాలుగేళ్ళు నేను కింద కూర్చోలేదా అంది దయామణి. నిజం చెప్పాలంటే వారంలో మిగతా ఆరు రోజులూ ఆమె ఆ ఒక్క గురువారం కోసమే ఎదురుచూసేది.

ఒక్కసారి కూడా ఆమె అన్యాయంగా కాదనలేదు. తప్పు చెప్పినప్పుడే కాదంది.

స్త్రీల ఆదివారం ఇంకా మూడు రోజులుందనగా, ఏడో గురువారం యాకోబు వచ్చాడు. పీట మీద కూర్చున్నాడు. వారమంతా ఆ భాగమే చదివానన్నాడు. తర్వాత చెప్పాడు.

"కబురు ఆడవాళ్ళకిచ్చారు. మగాళ్ళు నమ్మలేదు. మగాళ్ళు నమ్మలేదని ప్రభువు కబురు తెచ్చినవాళ్ళని మార్చలేదు. నమ్మనివాళ్ళనే కోప్పడ్డాడు. ఆడది చెప్పొచ్చా చెప్పకూడదా అన్నది కాదు నీ ప్రశ్న. చెప్పినప్పుడు వినకపోతే తప్పెవరిది అన్నది నీ ప్రశ్న. నేనింకా ఒప్పుకోను చెల్లెమ్మా. దానికి నా దగ్గర జవాబుంది. కానీ నీ మాట ఇదీ."

దయామణి చేటలో బియ్యం ఏరుతోంది. వేళ్ళు ఆగిపోయాయి. పద్నాలుగేళ్ళుగా గొంతులో ఇరుక్కున్న మాట, సరిగ్గా ఆమె అనుకున్న వరసలో, ఆమెని ఆపిన గొంతుతోనే బయటికి వచ్చింది. ఆఖరి ముక్క తను అనుకున్నదాని కన్నా పదునుగా ఉంది. ఇప్పుడు అవును అంటే చాలు. శనివారం కమిటీ కూర్చుంటుంది, ఓట్లు ఎటు పడతాయో ఆమెకి తెలుసు, ఆదివారం ఆమె పైన నిలబడుతుంది. ఎదురింటి అరుగు మీది వాళ్ళంతా మెడలు సాచి చూస్తున్నారు.

ఆమె యాకోబుని చూసింది. మోకాళ్ళు పట్టుకుని, తలెత్తి, ఆమె నోటి వైపే చూస్తున్నాడు. ఒక మగవాడు తన మాట కోసం అట్లా కాచుకుని కూర్చోవడం ఆమె జన్మలో చూడలేదు. అవును అంటే రేపటి నుంచి అతను రాడు.

"వచ్చే గురువారం చెబుతానండి పెద్దగారూ," అంది.

"వచ్చే గురువారానికి ఆదివారం దాటిపోద్ది కదా."

"పోద్దండి."

"నేను సరిగానే చెప్పానని నీకు తెలుసు."

ఆమె అవునని గానీ, కాదని గానీ అనలేదు. చేట పక్కన పెట్టి, చీర మీద రాలిన నూకలు దులుపుకుంది.

"ఇది కక్షే కదా చెల్లెమ్మా?"

"కక్షేనండి," అంది దయామణి. "దేవుడి దగ్గర ఒప్పుకుంటాలెండి. మీ దగ్గర కాదు."

యాకోబు మోకాళ్ళ మీద చేతులాన్చి కష్టపడి లేచాడు. వచ్చే గురువారం వానొచ్చినా వస్తానని చెప్పి వెళ్ళాడు.

స్త్రీల సమాజం వాళ్ళు ఆమెని తిట్టని తిట్టు లేదు. చేతికందినదాన్ని నేలపాలు చేశావని, నీ పంతం కోసం మా అందరి నోరూ ఇంకో ఏడాది మూశావని మొహం మీదే అన్నారు. ఆదివారం నాడు వాక్యం ఇంకొకామె కింద బల్ల దగ్గర నిలబడి చెప్పింది. దయామణి మూడో వరసలో ముసుగు సర్దుకుని, పండగ భోజనం చేసి వచ్చిన మనిషిలా కూర్చుంది. అవతలి వైపు యాకోబు ఒళ్ళో కాగితం పెట్టుకుని, బల్ల దగ్గర ఆమె చెప్పిన ప్రతి మాటా రాసుకుంటున్నాడు.